కంప్యూటర్లో సాలిటైర్: సగంలో బిగుసుకుపోకుండా ఎలా ఆడాలి

“మొదట్లో చకచకా కదులుతుంది, సగానికొచ్చాక బిగుసుకుపోతుంది, ఇక ఎటూ పోదు. ఏం చేయాలి?” సాలిటైర్ గురించి ఎవరు అడిగినా మాటలు కాస్త మార్చి ఇదే అడుగుతారు. దాని వెనకే ఇంకో ప్రశ్న: “అసలు ప్రతి ఆటా గెలవొచ్చా, లేక కంప్యూటరే మోసం చేస్తోందా?” మోసం ఏమీ లేదు. గెలవడం కుదరని పంపకాలు కొన్ని ఉంటాయి, నిజమే. కానీ మనం విసుగొచ్చి వదిలేసే ఆటల్లో చాలావాటికి దారి ఉంటుంది, ఆ దారిని మొదటి నాలుగైదు ఎత్తుల్లోనే మన చేత్తో మనమే మూసేసుకుంటాం, కదిలే ముక్కనల్లా కదిపేసి. అందుకని ఇక్కడ నియమాలు తక్కువ చెప్పి, ఏది ముందు కదపాలి, ఏది కదిలేలా ఉన్నా ఆపాలి అన్నదే ఎక్కువ చెప్తాను.

ఎక్కువ భాగం క్లాండైక్ గురించే, అంటే ఏడు వరసలుండే మామూలు సాలిటైర్. ఫ్రీసెల్, స్పైడర్ సంగతి తర్వాత.

ఏమేం కావాలి

కంప్యూటర్, దానికో మౌస్. టచ్‌ప్యాడ్ మీద కూడా ఆడొచ్చు కానీ లాగుతుండగా వేలు లేస్తే ముక్క పక్క వరసలో పడుతుంది, లేదంటే వెనక్కి ఎగిరిపోతుంది. టచ్‌ప్యాడే ఉంటే లాగడం మానేసి క్లిక్‌తో ఆడండి, ఇప్పటి ఆటల్లో చాలావాటిలో ముక్క మీద ఒక్క క్లిక్ కొడితే పట్టే చోటికి అదే వెళ్తుంది (దీనిలోనూ ఒక చిక్కుంది, తర్వాత చెప్తాను). 1990లో విండోస్ 3.0తో పాటు ఈ ఆట ఇచ్చిందే జనానికి మౌస్‌తో పట్టుకోవడం, లాగడం, వదలడం అలవాటు చేయడానికి అంటారు. కాబట్టి మౌస్ కొత్త అయినవాళ్ళు కూడా భయపడక్కర్లేదు.

ఇక ఆట. విండోస్ 10, 11 వాడేవాళ్ళు స్టార్ట్ మెనూలో సాలిటైర్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి, మైక్రోసాఫ్ట్ సాలిటైర్ కలెక్షన్ కనిపిస్తే సరే, లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో క్లాండైక్, స్పైడర్, ఫ్రీసెల్, ట్రైపీక్స్, పిరమిడ్ అని ఐదు ఆటలుంటాయి. మధ్యలో ప్రకటనలు వస్తాయి, అవి వద్దంటే డబ్బు కట్టాలి. లినక్స్‌లో ఐల్‌రియట్ గానీ కేపేషెన్స్ గానీ పెట్టుకోండి. పైసాల్‌ఎఫ్‌సి అని ఇంకోటుంది, పూర్తిగా ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది, అందులో వెయ్యికి పైగా ఆటలున్నాయి. చూడ్డానికి కాస్త పాతగా ఉంటుంది, అంతే. ఏదీ ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేకపోతే గూగుల్‌లో సాలిటైర్ అని వెతికితే ఆ ఫలితాల పేజీలోనే ఆడుకోవచ్చు.

ఒక జాగ్రత్త. “పాత విండోస్ ఆటలు మళ్ళీ కావాలి” అని వెతికి, ఎవరు పెట్టారో తెలియని సైటు నుంచి ఇన్‌స్టాల్ ఫైలు దించుకోకండి. పేక ఆట కోసం వైరస్ తెచ్చుకోవడం అవసరమా? అలాగే బ్రౌజర్లో ఆడే సైట్లు “నోటిఫికేషన్లు పంపమంటారా” అని అడిగితే వద్దనే కొట్టండి, ఆటకి దాంతో పనే లేదు. ఒకసారి సరేనన్నాక రోజంతా స్క్రీన్ మూలన ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది.

అంకెలేసి చెప్పాలంటే ఇలా

1. ముందు సెట్టింగులు చూడండి. చాలామంది ఇది దాటేసి నేరుగా ఆటలోకి దూకుతారు. కట్టలోంచి ఒక్కో ముక్క తిప్పాలా, మూడేసి తిప్పాలా అన్నది అన్నిటికంటే ముఖ్యం. కొత్తవాళ్ళు ఒక్క ముక్కతోనే మొదలుపెట్టండి. మూడు ముక్కల ఆట చాలా కష్టం, అది రాకముందే దానిమీద పడితే విసుగు తప్ప ఏమీ మిగలదు. గూగుల్ ఆటలో సులభం, కష్టం అని రెండు స్థాయిలుంటాయి, తేడా ఇదే.

తర్వాత స్కోరు. టైమర్ ఉంటే ఆపేయండి. గడియారం తిరుగుతుంటే టెన్షన్, టెన్షన్‌లో చేయి తొందరపడుతుంది. వేగాస్ స్కోరింగ్ మీకు తెలియకుండా ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. అందులో కట్ట ఎన్నిసార్లు తిప్పొచ్చో హద్దుంటుంది, మామూలుగా మూడు ముక్కల ఆటకి మూడుసార్లు, ఒక్క ముక్క ఆటకి ఒక్కసారే. “కట్ట మళ్ళీ తిరగట్లేదు, ఆట పాడైందా” అని అడిగేవాళ్ళలో చాలామందికి అసలు కారణం ఇదే. ఈ పద్ధతిలో మైనస్ 52తో మొదలై, పైకెళ్ళిన ఒక్కో ముక్కకి 5 వస్తుంది, అంటే 11 ముక్కలు పైకెక్కితే గానీ లెక్క సున్నా దాటదు. సరదాగానే ఉంటుంది గానీ నేర్చుకునేటప్పుడు వద్దు.

ముక్కలు వాటంతటవే పైకి ఎగిరిపోయే ఆటోమేటిక్ సెట్టింగ్ ఉంటే అది కూడా ఆపేయండి. ఎందుకో ఆరో అంకెలో చెప్తాను.

2. బల్ల మీద ఏముందో ఒకసారి లెక్క చూసుకోండి. మొత్తం 52 ముక్కలు. ఏడు నిలువు వరసల్లో 28, కట్టలో 24. ఎడమ చివరి వరసలో ఒకే ముక్క, తెరిచి ఉంటుంది. కుడి చివరి వరసలో ఏడు, వాటిలో ఆరు బోర్లా. అంటే వరసల్లో బోర్లా ఉన్నవి 21. మీ ఆట మొత్తం ఈ 21 ముక్కలతోనే. మిగతావన్నీ ఎప్పుడో ఒకప్పుడు కనిపించేవే, ఇవి మాత్రం మీరు తీస్తే గానీ తెరుచుకోవు.

వరసల్లో పెద్ద అంకె మీద దానికంటే ఒకటి చిన్నది, ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు. పైన నాలుగు గళ్ళు, ఒక్కో గుర్తుకి ఒకటి: ఇస్పేటు, ఆటీను, డైమండ్, కళావరు. అక్కడ ఆసుతో మొదలై రాజు దాకా ఎక్కాలి. ఖాళీ అయిన వరసలో రాజు తప్ప ఇంకేదీ పట్టదు. నియమాలు ఇంతే.

3. మొదటి ముక్క కదిపే ముందు కట్టలోంచి ఒకటి తిప్పండి. కదపకండి, ఊరికే చూడండి. బల్ల మీద ఎదురుగా ఒక ఎత్తు కనిపిస్తోంది, కానీ కట్టలోంచి వచ్చిన ముక్కతో అంతకంటే మంచిది కుదరొచ్చు. తిప్పడం వల్ల పోయేదేమీ లేదు (వేగాస్‌లో తప్ప). ఆసులు, రెండ్లు కనిపిస్తే మాత్రం ఆలోచించక్కర్లేదు, పైకి పంపేయండి. వాటి మీద వరసలో పెట్టుకునేది ఏమీ ఉండదు, రెండు మీద ఆసు పెట్టుకునే అవసరం ఎవరికీ రాదు కదా.

4. రెండు ఎత్తులున్నప్పుడు, బోర్లా ముక్కలు ఎక్కువున్న వరసని ముందు కదపండి. ఉదాహరణ చూడండి. రెండో వరసలో కళావరు 8 తెరిచి ఉంది. మూడో వరస చివర డైమండ్ 7, ఆరో వరస చివర ఆటీను 7. రెండూ ఎరుపే, రెండూ 8 మీద పడతాయి, చోటు మాత్రం ఒక్కటే. చేయి మామూలుగా దగ్గర్లో ఉన్న మూడో వరస మీదకి పోతుంది. మూడో వరసలో బోర్లా ఉన్నవి రెండే, ఆరో వరసలో ఐదు. ఆటీను 7 తీయండి. మూడో వరసని ఎప్పుడైనా తవ్వుకోవచ్చు, ఆరో వరసని ఆట చివరికి వదిలేస్తే కావాల్సిన ఆసు అక్కడే అడుగున కూర్చుని ఉంటుంది.

ఒక్క క్లిక్‌తో ఆడితే చిక్కుందన్నది ఇక్కడే. ముక్క రెండు చోట్ల పట్టేలా ఉంటే ఎక్కడ పడాలో ఆటే నిర్ణయించేస్తుంది, మీకు కావాల్సిన చోటు కాకపోవచ్చు. రెండు దారులున్నప్పుడు మాత్రం లాగి పెట్టండి.

ఇంకో మాట. ఎత్తు ఉంది కదా అని వేయకండి. ఒక తెరిచిన ముక్కని ఇటు నుంచి అటు మార్చితే కింద బోర్లా ముక్క తెరుచుకోవాలి, లేదా పైకి పంపడానికి ఏదైనా దొరకాలి, లేదా కట్టలో ముక్క పెట్టడానికి చోటు రావాలి. ఈ మూడింట్లో ఒక్కటీ జరగకపోతే ఆ ఎత్తు దండగ. దండగ ఒక్కటే కాదు, నష్టం కూడా కావచ్చు, ఎందుకంటే ఆ 8 మీద చోటు ఇంకో 7 కోసం ఉంచుకోవాల్సిందేమో.

5. రాజు చేతిలో లేకుండా వరస ఖాళీ చేయకండి. కొత్తవాళ్ళ తప్పుల్లో ఇదే మొదటిది. వరస ఖాళీ అయితే ఏదో సాధించినట్టు అనిపిస్తుంది. కానీ క్లాండైక్‌లో ఖాళీ చోట రాజు తప్ప పట్టదు కాబట్టి, రాజు లేకపోతే మీకు ఉన్న ఏడు వరసల్లో ఒకటి పోయినట్టే.

రాజు ఉన్నా ఆగండి, ఏ రంగు రాజు అన్నది చూడండి. ఏడో వరసలో ఆటీను జాకీ తెరిచి ఉంది, దాని వెనక ఆరు బోర్లా ఉన్నాయనుకుందాం. ఆ జాకీ కదలాలంటే నల్ల రాణి కావాలి, నల్ల రాణి కూర్చోవాలంటే ఎర్ర రాజు కావాలి. ఇప్పుడు మీ దగ్గర కట్టలోంచి ఇస్పేటు రాజు వచ్చింది, ఇంకో వరస మధ్యలో డైమండ్ రాజు కనిపిస్తోంది. ఎదురుగా ఉంది కదా అని ఇస్పేటు రాజుని ఖాళీ చోట పెట్టారో, ఆ వరస మీద ఎర్ర రాణి, నల్ల జాకీ, ఎర్ర పది ఇలా వెళ్తుంది, మీ ఆటీను జాకీకి అక్కడ చోటే లేదు. ఇలా ఎక్కువ ముక్కల్ని అడ్డుకున్న ముక్క ఏదో చూసి, దాని నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి, ఏ రాజు కావాలో తెలిసిపోతుంది. మూడు నాలుగు మెట్లే, కష్టమేం కాదు.

6. పైకి పంపడంలో తొందర వద్దు. ఆసు, రెండు దాటాక ఒక్కో ముక్కా ఆలోచించి పంపండి. ఆటీను 5 పైకి పోయే వీలుంది, పంపేశారు. రెండు ఎత్తుల తర్వాత కళావరు 4 వచ్చింది, దాని వెనక మూడు బోర్లా ముక్కలు. దాన్ని పెట్టుకోవడానికి ఎర్ర 5 కావాలి. ఒకటి పైకెళ్ళిపోయింది, ఇంకోటి, డైమండ్ 5, ఎక్కడో బోర్లా ఉంది. అయిపోయింది, ఆట బిగుసుకుంది.

దీనికి తేలికైన కొండగుర్తు: ఒక ముక్కని పైకి పంపే ముందు, దానికంటే ఒకటి తక్కువగా ఉన్న వేరే రంగు ముక్కలు రెండూ అప్పటికే పైకెళ్ళాయా చూడండి. ఆటీను 5 పంపాలంటే ఇస్పేటు 4, కళావరు 4 రెండూ పైన ఉండాలి. ఉంటే ధైర్యంగా పంపండి, ఆ 5తో ఇక ఎవరికీ పని లేదు. లేకపోతే ఆగండి, లేదా దాన్ని పంపితే వెంటనే బోర్లా ముక్క తెరుచుకుంటుందా చూసుకుని పంపండి. ఆటోమేటిక్ సెట్టింగ్ ఆపమన్నది ఇందుకే, అది మీ తరఫున ఆలోచించదు.

తొందరపడి పంపేశారా? చాలా ఆటల్లో పై గళ్ళలోంచి ముక్కని మళ్ళీ వరసలోకి లాగొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. విండోస్ పాత ఆటలో మామూలు స్కోరింగ్‌లో దీనికి 15 పాయింట్లు తగ్గుతాయి, తగ్గనివ్వండి. పాయింట్ల కోసం ఆట ఓడిపోవడం నాకైతే అర్థం లేని పని.

7. మూడు ముక్కల ఆటలో కట్టని లెక్కతో తిప్పండి. ఒక్క ముక్క ఆట ఆడేవాళ్ళు ఇది వదిలేయొచ్చు. కట్టలో 24 ముక్కలు, మూడేసి తిప్పితే ఎనిమిది సార్లు. ప్రతిసారీ వాడుకోగలిగేది పైనున్నదే, అంటే 3, 6, 9, 12 ఇలా మూడో ముక్కలే. మొదటిసారి ఏమీ తీయకుండా చివరిదాకా తిప్పి చూడండి, కావాల్సిన ముక్కలు ఏ చోట ఉన్నాయో గుర్తుపెట్టుకోండి, కాగితం మీద రాసుకున్నా తప్పేం లేదు.

ఇప్పుడు ఆరో ముక్క ఒక్కటి తీశారనుకోండి. తర్వాతి చుట్టులో మూడోది అలాగే వస్తుంది, కానీ ఆ తర్వాత వచ్చేవి 7, 10, 13, 16, 19, 22, చివరగా 24. అంటే మీరు తీసిన చోటికి ముందున్నవి మారవు, తర్వాతవన్నీ ఒక్కో చోటు జరుగుతాయి. ఇది అర్థమైతే మూడు ముక్కల ఆట సగం వచ్చినట్టే. ఇంకో ముక్క కూడా తీస్తే మళ్ళీ జరుగుతాయి, మూడోది తీస్తే తర్వాతి భాగం తిరిగి మొదటి పద్ధతికే వస్తుంది. కాబట్టి “ఈ రాణి ఎంతకీ పైకి రావట్లేదు” అని కూర్చోకుండా, దానికి ముందు వచ్చే ముక్కల్లో ఒకటో రెండో వాడేయండి, అంతగా అక్కరలేకపోయినా సరే, రాణి పైకి వస్తుంది. అదే లెక్కన, చక్కగా వరసలో వస్తున్న ముక్కలు ముందుముందు కావాలనుకుంటే వాటికి ముందున్నదాన్ని ముట్టుకోకండి.

8. హింట్ బటన్‌ని నమ్మకండి. హింట్ చూపించేది కుదిరే ఎత్తు, మంచి ఎత్తు కాదు. నాలుగో అంకెలో చెప్పిన దండగ ఎత్తుల్ని కూడా అది మెరిపించి చూపిస్తుంది. ఎత్తులేవీ కనిపించనప్పుడు కళ్ళు ఏమైనా వదిలేశాయా అని చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

అన్‌డూ సంగతి వేరు. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే చాలా ఆటల్లో ఒక ఎత్తు వెనక్కి వెళ్తుంది. “అన్‌డూ వాడితే అది గెలుపేనా” అని కొందరు పట్టుదలగా ఉంటారు. నేర్చుకునేటప్పుడు తప్పకుండా వాడండి. రెండు దారులున్నచోట ఒకటి ఆడి, కింద ఏం వచ్చిందో చూసి, వెనక్కొచ్చి రెండోది ఆడండి. ఏ ఎత్తు వల్ల బిగుసుకుందో కళ్ళకి కనిపిస్తుంది, అది చూడకుండా ఎన్ని కొత్త ఆటలు మొదలుపెట్టినా అదే తప్పు మళ్ళీ చేస్తారు.

నిజంగా బిగుసుకుందా? ఇలా చూసుకోండి

“న్యూ గేమ్” నొక్కే ముందు వరసగా ఇవి చూడండి. కట్ట మొత్తం ఒక చుట్టు తిప్పండి, ఒక్క ముక్క కూడా పట్టకపోతేనే తర్వాతది చూడాలి. వరసల్లో తెరిచి ఉన్న పొడుగాటి గొలుసుల్ని మధ్యలో విడగొట్టి చూడండి. ఉదాహరణకి నల్ల 9, ఎర్ర 8, నల్ల 7 అని ఉంటే, నల్ల 7 ఒక్కటి ఇంకో ఎర్ర 8 మీదకి పోతే, ఇక్కడున్న ఎర్ర 8 పైకెళ్ళే వీలుంటుందేమో. గొలుసు మొత్తం కలిపే కదపాలని చాలామంది అనుకుంటారు, అక్కర్లేదు. తర్వాత పై గళ్ళలోంచి ఒకటి కిందకి తెస్తే ఏదైనా కదులుతుందా చూడండి. అప్పటికీ లేకపోతే అన్‌డూతో పది ఎత్తులు వెనక్కి వెళ్ళండి. ఇవన్నీ అయ్యాకే వదిలేయండి, అదీ కొత్త ఆట కాకుండా అదే పంపకాన్ని మళ్ళీ మొదటి నుంచి ఆడే వీలుంటే అది నొక్కండి. రెండోసారి ముక్కలు ఎక్కడున్నాయో సగం గుర్తుంటాయి.

అన్ని పంపకాలూ గెలవొచ్చా అన్న ప్రశ్నకి: లేదు. బోర్లా ముక్కలన్నీ ముందే తెలిసినట్టు కంప్యూటర్‌తో ఆడిస్తే, మూడు ముక్కల క్లాండైక్‌లో సుమారు 82 శాతం పంపకాలకి దారి ఉందని తేలింది. మనకి ముక్కలు తెలియవు కాబట్టి అంత గెలవం, అది ఓటమి కింద లెక్కేసుకోకండి. అనుమానంతో ఆడటం ఇష్టం లేకపోతే, మైక్రోసాఫ్ట్ కలెక్షన్‌లో రాండమ్ అని కాకుండా సులభం, మధ్యస్థం లాంటి స్థాయి ఎంచుకోండి, అవి గెలవగలిగే పంపకాలే ఇస్తాయి. కేపేషెన్స్ అయితే ఇంకా బాగు, ఇప్పుడున్న పరిస్థితి నుంచి గెలుపు ఉందో లేదో స్క్రీన్ కింద పట్టీలోనే చెప్పేస్తుంది. ఒక్కో ఎత్తు వేసి ఆ మాట ఎప్పుడు మారుతుందో గమనించండి, మీ తప్పు ఎక్కడ జరిగిందో అంత సూటిగా చెప్పే గురువు ఇంకోటి లేదు.

గెలుపు ఎప్పుడు ఖాయమో కూడా తెలుసుకోండి. ఒక్క ముక్క ఆటలో, కట్ట ఎన్నిసార్లైనా తిప్పే వీలుండి, వరసల్లో బోర్లా ముక్క ఒక్కటీ మిగలకపోతే ఇక ఓడిపోయే మార్గం లేదు. మిగిలిన వాటిలో అన్నిటికంటే చిన్న ముక్క కట్టలో ఉంటే దొరుకుతుంది, వరసలో ఉంటే చివరనే ఉంటుంది. అక్కడి నుంచి ఆటో కంప్లీట్ నొక్కేసి టీ తాగండి. మూడు ముక్కల ఆటలో ఈ ధైర్యం పనికిరాదు, కట్ట కూడా ఖాళీ కావాలి.

ఫ్రీసెల్ ఆడేవాళ్ళకి

నాకు మూడింట్లోకీ ఇదే ఇష్టం. ముక్కలన్నీ మొదటి నుంచీ తెరిచే ఉంటాయి, అదృష్టం మీద నెట్టేయడానికి ఏమీ ఉండదు. విండోస్‌లో వచ్చిన పాత ఫ్రీసెల్‌లో 32,000 పంపకాలుంటే, వాటిలో దారి లేనిది 11982 అంకె ఉన్న ఒక్కటే. అంటే ఓడిపోతే తప్పు మనదే.

వరసలు ఎనిమిది, పక్కన నాలుగు ఖాళీ గళ్ళు. ఎక్కువ మంది చేసే తప్పు ఆ నాలుగింటినీ మొదట్లోనే నింపేయడం. రెండు నిండాయంటే ఆగి, వాటిలో ఒకటి ఎలా ఖాళీ అవుతుందో తేల్చుకోకుండా మూడోది నింపకండి.

“ఐదు ముక్కలు ఒకేసారి కదలట్లేదు, ఎందుకు?” ఇది ఫ్రీసెల్‌లో అందరూ అడిగేది. లెక్క ఇది: ఖాళీ గళ్ళకి ఒకటి కలపండి, ఒక్కో ఖాళీ వరసకీ దాన్ని రెట్టింపు చేయండి. రెండు గళ్ళు ఖాళీగా ఉండి ఖాళీ వరస లేకపోతే మూడు ముక్కలు. రెండు గళ్ళు, ఒక ఖాళీ వరస ఉంటే ఆరు. కానీ ఆ గొలుసుని ఆ ఖాళీ వరసలోకే పెడుతుంటే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, మళ్ళీ మూడే. ఇక్కడ ఖాళీ వరసలో ఏ ముక్కైనా పట్టుద్ది, రాజే కానక్కర్లేదు, కాబట్టి ఒక ఖాళీ వరస ఖాళీ గడి కంటే ఎంతో విలువైంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఆసులు, రెండ్లు ఎక్కడ లోతుగా ఉన్నాయో చూసి ఆ వరసల్ని ముందు తవ్వండి. అడుగున నాలుగు ముక్కల కింద ఆసు ఉందని చూడకుండా ఇంకో వరసని అందంగా సర్దుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

స్పైడర్ ఆడేవాళ్ళకి

రెండు కట్టలు, 104 ముక్కలు, పది వరసలు. ఒకే గుర్తుతో, రెండు గుర్తులతో, నాలుగు గుర్తులతో ఆడొచ్చు. ఒకే గుర్తుతో మొదలుపెట్టండి, అది అలవోకగా గెలిచేదాకా రెండు గుర్తులకి వెళ్ళకండి. నాలుగు గుర్తులది చాలా గట్టి ఆట.

ఇందులో రంగు చూడకుండా పెద్దదాని మీద చిన్నది పెట్టుకోవచ్చు, కానీ గొలుసుగా కదిలేది ఒకే గుర్తు అయితేనే. కొత్తవాళ్ళు ఈ రెండో సగం మర్చిపోయి, ఇస్పేటు 9 మీద ఆటీను 8, దాని మీద మళ్ళీ ఇస్పేటు 7 పెట్టుకుంటూ పోతారు. చూడ్డానికి వరస బాగుంటుంది, కదపబోతే కదలదు. వీలున్నప్పుడల్లా ఒకే గుర్తు మీద పెట్టండి, వేరే గుర్తు మీద పెట్టాల్సి వస్తే పెద్ద అంకెలతో చేసుకోండి, చిన్నవాటితో చేస్తే అక్కడ ఇక కట్టడానికి ఏమీ మిగలదు.

కట్టలో 50 ముక్కలు, ఐదుసార్లు పంచుకోవాలి, ఒక్కోసారి ప్రతి వరస మీదా ఒకటి పడుతుంది. పంచితే మీరు కట్టుకున్న గొలుసులన్నిటి మీదా అడ్డం పడినట్టే, అందుకే ఇంకొక్క ఎత్తు కూడా మిగల్లేదని తేల్చుకున్నాకే పంచండి. విండోస్ ఆటలో ఏదైనా వరస ఖాళీగా ఉంటే పంచనివ్వదు, “బటన్ పనిచేయట్లేదు” అని గాభరా పడక్కర్లేదు, ఆ ఖాళీలో ఏదో ఒక ముక్క పెట్టి మళ్ళీ నొక్కండి. ఆ ముక్క ఏదన్నది మాత్రం చూసుకోండి. ఇంకో గొలుసులోంచి చివరి ముక్క విరిచి పెడితే గొలుసు పాడవుతుంది, వేరే గుర్తు మీద ఎలాగూ ఇరుక్కున్న ముక్కని తీసి పెడితే రెండు పనులూ అవుతాయి.